మదుము కడ పుట్టిన పగ

చోడవరము చెఱకు పండు నేల. మాడుగుల కొండలవైపునుండి దిగివచ్చు బొడ్డేరు శారదా నదిలో కలియుటకు ముందు ఈ ప్రాంతపు పొలములను తడిపి పోవుచున్నది. గోవాడ సహకార చక్కెర కర్మాగారము వాకిట చెఱకు బండ్లు బారులు తీరు దినములలోను, ఊరి శివార్లలో బెల్లపు పెనముల క్రింద పిప్పి మంటలు ఎగయు దినములలోను ఈ సీమ ఎంత ప్రసన్నముగా నుండునో, చెఱువు మదుము ఎత్తవలసిన దినములలో అంత కలతగా నుండును. ఏలయన, ఇచ్చట భూమి విలువ యనగా నీటి విలువయే. నీరు ఎవని మడిలోనికి ముందు పోవునో వాడు ఆ పూటకు పెద్దవాడు. ఎవని మడి కడపట తడియునో వాడు తన చేను ఎండినదని వగచుటకంటె పదిమందిలో తాను చిన్నబోయితినని వగచుటయే ఎక్కువ.

నా చిన్ననాట మా బంధువుల ఊరిలో ఇట్టి తగవొకటి కన్నులార చూచితిని. వరుసకు బావమఱదులైన ఇద్దఱు రైతుల చెఱకు తోటల నడుమ గట్టు ఒకటి యుండెడిది. ఒక యుదయమున వారిలో పెద్దవాడు పారతో ఆ గట్టును జానెడు మేర చెక్కి తన బోదెలోనికి నీరు మళ్లించుకొనెను. రెండవవాడు వచ్చి అడిగెను. అడిగిన తీరులో కోపము లేకపోలేదు గాని, కొలత తాడు తెచ్చి పట్టినచో పూట తిరుగకమునుపే తీరిపోవలసిన కోపమది. అప్పుడు కూలీలు గట్టునకు ఆవలి ప్రక్కను కూర్చుండి అంబలి త్రాగుచున్నారు. వారు వినుచుండగా పెద్దవాడు పార నేలకు ఆనించి, “నీ బతుక్కి గట్టొకటి కావాలేటి?” అనెను. ఆ మాటతో గట్టు సంగతి ముగిసినది. అటుపిమ్మట జరిగిన వ్యాజ్యమంతయు ఆ మాటను గూర్చినదే.

చోడవరపు గౌరీశ్వరస్వామి కోవెల అరుగుమీద కూర్చుండి పెద్దమనుషులు తగవు చెప్పిరి. చెక్కిన జానెడును తిరిగి కట్టించి, దానిపై మఱి జానెడు కలిపి యిప్పింతుమనిరి. దెబ్బ తిన్నవాడు తల యడ్డముగా ఊపి, “గట్టు నాకొద్దు, ఆ జానెడూ ఆడికే ఇచ్చీండి, ఆడొచ్చి ఈ గుడికాడ పదిమందిలో తప్పయిపోనాదని అనాల, అంతే” అనెను. పెద్దవాడు ఎకరము భూమి నైనను ఇచ్చుటకు సిద్ధపడెను గాని ఆ ఒక్క మాట అనుటకు సిద్ధపడలేదు. చిత్రమేమనగా, ఆ యుదయమున కూలీలు నవ్విరో లేదో నాకు నేటికిని తెలియదు. ఒకరిద్దఱు తల వంచుకొనిరి, అంతవఱకు నేను చూచితిని. కాని దెబ్బ తిన్నవాడు మొదటి వారములో కూలీలు నవ్విరనెను. సంక్రాంతి నాటికి చేలోని వారందఱు నవ్విరనెను. మఱుసటి యేడు ఊరెల్ల నవ్వినదనెను. కోర్టుల ఖర్చుల క్రింద ఇరువురి తోటలును పరుల పాలాయెను. ఇప్పుడు ఆ రెండు చేలును కొన్న ఆసామి గట్టును దున్నించి ఒకటిగా కలిపివేసినాడు.

ఆ నవ్వులు పెరుగుట యందే ఈ రోగముయొక్క లక్షణమంతయు నిమిడియున్నది. మహాభారతములో మయసభ వృత్తాంతమును నెమ్మదిగా చదివినవారికి ఈ సంగతి తేటపడును. వ్యాసుని సభాపర్వములో కథకుడు చెప్పినప్పుడు, దుర్యోధనుడు మడుగులో పడగా నవ్వినవారు భీమాదులైన పాండుకుమారులును పరిచారకులును. ఆ దుర్యోధనుడే హస్తినాపురమునకు మరలివచ్చి తండ్రియెదుట తన బాధ చెప్పుకొన్నప్పుడు నవ్వినవారిలో శ్రీకృష్ణుడు చేరెను, అంతఃపుర స్త్రీలతో కూడ ద్రౌపది చేరెను. మన జానపదులు ద్రౌపది నవ్వు వలననే భారత యుద్ధము వచ్చినదని చెప్పుకొనుచున్నారు గదా! ఆ నవ్వు దుర్యోధనుని నోట మాత్రమే వినవచ్చినదని ఎందఱు గమనించిరి? గాయపడిన అహంకారము తన్ను చూచి నవ్వినవారిని లెక్కింపదు, సృష్టించును; సృష్టించి వారిమీద పగ పట్టును.

వియన్నాలో పుట్టి చికాగోలో వైద్యము చేసిన హైన్జ్ కోహట్ అను మనోవైద్యుడు 1972లో ప్రకటించిన ఒక వ్యాసములో ఈ క్రోధమును ప్రత్యేకముగా విడదీసి వర్ణించెను. ఆత్మరతినుండి పుట్టిన క్రోధమని దీనికి తెలుగున పేరు పెట్టవచ్చును. సామాన్యమైన కోపమునకు ప్రయోజనమొకటి యుండును: అడ్డము తొలగినంతనే అది చల్లారును. ఈ రెండవ క్రోధమునకు అడ్డము తొలగుట చాలదు. తనకు జరిగిన అవమానము జరుగనట్లే కావలయును, అవమానించినవాడు లోకమున లేనట్లే కావలయును. ఆ రెండును అసాధ్యములు గనుక ఆ క్రోధమునకు అవధి లేదు. కోహట్ ఇందుకు ఉదాహరణముగా జర్మను రచయిత క్లైస్ట్ వ్రాసిన మైఖేల్ కోల్‌హాస్ అను గుఱ్ఱాల వర్తకుని కథను చూపెను. 1810లో వెలువడిన ఆ కథలో ఒక ప్రభువు ఆ వర్తకుని రెండు గుఱ్ఱములను అన్యాయముగా నిలిపి చిక్కిపోజేసినందుకు అతడు ఊళ్లు తగులబెట్టును; తుదకు గుఱ్ఱములు బలిసి నిగనిగలాడుచు మరల తనకు చేరిన దినముననే శిరశ్ఛేదమునకు తల యొగ్గును. అతడు అడిగినది న్యాయమే. న్యాయము అడుగువానికిని ఈ రోగము తగులునని తెలియుటకే నేనీ కథను స్మరించితిని.

అయితే కోల్‌హాసుకొఱకు మనము జర్మనీ దాక పోనక్కరలేదు. శివరాత్రి జాగారము నాడు చోడవరము గుడి ముంగిట జముకుల కథ చెప్పించెడివారు. చేతిలోని జముకు నరమును బిగించుచు వదలుచు కథకుడు గుక్క తిప్పుకొనక పాడగా, వంతలు ఇద్దఱు ప్రక్కనుండి తాళము వేయగా, తెల్లవారు జామున మంచు పడుచుండగా విన్న బొబ్బిలి యుద్ధ కథ నా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరపు రాజు డేరాలోనికి దూకు ఘట్టము వచ్చినప్పుడు నిద్రించు పిల్లలను సైతము తల్లులు తట్టి లేపెడివారు. బొబ్బిలి దొర రంగారావు కోటలోని స్త్రీలు చనిపోవు ఘట్టమున మాత్రము జనము కదలక మెదలక వినుచుండెడిది; నాకు ప్రక్కన కూర్చున్న ఒక ముదుసలి ఆ మాటలు వచ్చినప్పుడెల్ల కొంగుతో నోరు మూసుకొనుచుండెను. ఆ కథను పెద్దవాడనైన పిదప చరిత్ర గ్రంథములతో సరిచూచుకొనగా, మా బంధువుల ఊరి గట్టు తగవే పదింతలు, వేయింతలు పెరిగి నా కన్నులకు కట్టినది.

ఆ యుద్ధమున తలపడిన బొబ్బిలి, విజయనగరపు వంశములు రెండును ఒక్క ఛాయ క్రింద ఈ సీమకు వచ్చినవే. 1652 ప్రాంతమున శ్రీకాకుళపు ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖానుని వెంట బొబ్బిలి వెలమ దొరల మూలపురుషుడును, విజయనగరపు పూసపాటి క్షత్రియుల మూలపురుషుడును వచ్చిరని చెప్పుదురు. షేర్ అనగా పులి గనుక, తనకు ఆశ్రయమిచ్చిన ఆ ఖానుని పేర బెబ్బులి యని కోటకు పేరు పెట్టగా అదియే బొబ్బిలి యైనదని ఐతిహ్యము. ఒక యజమానిని కొలిచి ఇరుగుపొరుగున స్థిరపడినవారు నూఱేండ్లలో ఒకరి ముఖము ఒకరు చూడరానివారైరి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ యను ప్రశ్న కొలువులో ఒక విధముగాను, పల్లకి దిగునప్పుడు ఒక విధముగాను, కాలువకు అడ్డుకట్ట వేయునప్పుడు మఱొక విధముగాను తలయెత్తుచునే యుండెను.

మద్రాసు కౌన్సిలులో సభ్యుడుగా నుండిన రాబర్ట్ ఆర్మ్, 1778లో వెలువడిన తన చరిత్ర సంపుటములో ఈ వైరమునకు చెప్పిన కారణములు రెండే: బొబ్బిలివారు వాగుల నీటిని విజయనగరపు పొలములకు పోనీయక మళ్లించుకొనుట, వారి మనుషులు పొరుగు భూములలో దోపిడి సాగించుట. వీనిలో మొదటిదానికి మదుమును, రెండవదానికి కాపలాయును చాలియుండవలసినది. విజయనగరపు రాజైన పెద విజయరామరాజునకు అవి చాలలేదు. అప్పటికి ఆయన సామాన్యుడు కాడు. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కిచ్చిన పిమ్మట, శ్రీకాకుళము, రాజమహేంద్రవరము సర్కారులను వారివలన ఇజారాకు పుచ్చుకొని, గోదావరినుండి మహేంద్రగిరివఱకు తన మాట చెల్లించుకొనిన జమీందారు. అంతటివానికి ఇంటి ప్రక్కను ఒక చిన్న మట్టికోట, తన్ను చూచి తల వంచని కోట, కంటిలోని నలుసు వలె ఉండెను. అధికారము పెరిగినకొలది అవమానము తగ్గవలెనని మనము తలపోయుదుము. అది తలక్రిందులు. అందఱు మ్రొక్కిన పిమ్మట మ్రొక్కని ఆ ఒక్కడే ప్రపంచమంతయు నిండిపోవును.

1756 కడపట ఫ్రెంచి సేనాని బుస్సీ తన సైన్యముతో ఈ ప్రాంతమునకు రాగా విజయరామరాజు తన పగను ఆయన చెవిని వేసెను. బొబ్బిలివారు ఉన్నంత కాలము ఈ సీమలో మీ యేలుబడి నిలువదని నమ్మించెను. బుస్సీ వెంటనే యుద్ధమునకు పూనలేదు. బొబ్బిలి విడిచి పోయినయెడల వేఱొక చోట అంతకంటె విశాలమును విలువయు గల భూములిత్తునని రంగారావునకు వర్తమానము పంపెను. రంగారావు దానిని ఒక బేరముగా కాక ఒక తిట్టుగా గ్రహించెను. నేను ఈ ఘట్టము చదివినప్పుడెల్ల గుడి అరుగుమీద తల యడ్డముగా ఊపిన ఆ రైతే నాకు కానవచ్చును. తాతలనాటి నేల విడువ ననుటలో న్యాయము లేకపోలేదు. నిజము చెప్పవలెనన్న, న్యాయము హెచ్చుపాళ్లు రంగారావు పక్షముననే యున్నది. కాని ఆనాడు మాటలాడినది నేలమీది మమత మాత్రమే కాదు. విజయరామరాజు చూచుచుండగా మూటముల్లె కట్టుకొని పోవుట యనునది ఆయన మనసున కెట్టి రాయబారము చేతను సహింపరాని దృశ్యమై యుండెను.

ఇంతలో ఫ్రెంచివారి సిపాయిలు కొందఱు ఏదో పనిమీద బొబ్బిలి అడవిలోగుండా పోవుచుండ, అడవిలోనివారు పైబడి ముప్పదిమందిని చంపిరి, మఱికొందఱు గాయపడిరి. ఆ దాడి రంగారావు ఆజ్ఞచేతనే జరిగెనో, విజయరామరాజు పన్నాగమో యని తరువాతివారు వాదించుకొనుచున్నారు. ఏదైనను ఫలితమొక్కటే. అంతవఱకు మధ్యవర్తిగా నుండిన బుస్సీ ఆ దినమున తానొక కక్షిదారుడాయెను. తగవు తీర్చ వచ్చిన పెద్దమనిషి మీద ఉమ్మి పడినచో ఆ తగవు గతి యేమగునో పల్లెటూరి వారికి చెప్పనక్కరలేదు.

1757 జనవరి 24వ తేదీ తెల్లవారుచుండగా యుద్ధము మొదలాయెను. ముట్టడించినవారిలో ఐరోపావారు 750, అందు 250 మంది రౌతులు, ఫిరంగులు నాలుగు, విజయరామరాజు స్వయముగా నడుపు బలగము పదునొకండు వేలు. కోటలో ఆయుధము పట్టినవారు ఇన్నూటయేబదిమంది. మట్టి గోడలను ఫిరంగులు కూల్చినకొలది ఆ యిన్నూటయేబదిమందియు గండ్లకు తమ దేహములే అడ్డు వేసిరి. మధ్యాహ్నమునకు ఇక నిలువరాదని తేలినంతట రంగారావు తనవారిని పిలిచి, స్త్రీలును పిల్లలును ఉన్న యిండ్లకు నిప్పు పెట్టించెను. బయటికి పరుగెత్తినవారిని బల్లెములతో పొడిపించెను. ఆ పని చేసిన చేతులు ఆ యిండ్లవారివే. పిమ్మట ఆయన గోడ మీదికి మరలి తుపాకిగుండు తగిలి కూలెను. శరణు కోరినవాడు ఒకడును లేడు, శరణిచ్చినను గైకొన్నవాడు లేడు. సైనికులు లోనికి దుమికిన తరువాత వారికి కానవచ్చినవి పొగ, బూడిద, శవములు. వాని నడుమనుండి ఒక వృద్ధుడు ఒక బాలుని చేయి పట్టుకొని నడిచివచ్చి, లా అను ఫ్రెంచి యధికారికి వానిని అప్పగించి, ఈతడు రంగారావు కుమారుడు, తండ్రి ఆజ్ఞకు విరుద్ధముగా నేను దాచితిని అని చెప్పెను. ఆ వృద్ధుని పేరు ఆర్మ్ వ్రాయలేదు.

ఈ దహనమును మన కవులు పౌరుషమని కొనియాడిరి. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము మొదలుకొని వేదము వేంకటరాయశాస్త్రిగారి బొబ్బిలియుద్ధ నాటకము మీదుగా 1964 నాటి చలనచిత్రము వఱకు ఈ కథ తెలుగువారిని కంటతడి పెట్టించుచునే యున్నది. ఆ యిన్నూటయేబదిమంది ధైర్యమునకు నేనును చేతులెత్తి మ్రొక్కుదును. కాని గోడ మీది ధైర్యమును, ఇండ్లకు పెట్టిన నిప్పును ఒక్క మాటతో పొగడుట నాకు చేతకాదు. శత్రువు చేతికి చిక్కి మానము కోల్పోదురను భయము ఆ కాలమున నిజమైన భయమే. అయినను ఆ పిల్లలను ఎవరైనను అడిగిరా? ఆ తల్లులందఱును అడుగబడిరా? బయటికి పరుగెత్తినవారిని పొడిచిరన్న ఒక్క వాక్యమే అందుకు సమాధానము చెప్పుచున్నది. అహంకారము దెబ్బ తిన్న మగవానికి ఇంటివారు వేఱు ప్రాణులుగా తోచరు. తన పరువులోని భాగములుగా తోతురు. పరువు కాలుచున్నప్పుడు వారును కాలవలసినదే యని అతడు నమ్మును. కోట మాటకేమి, నేటి పత్రికలో పరువు పేర జరుగు హత్యల వార్త చదివినప్పుడును ఆ నిప్పే కదా మండుచున్నది!

విజయరామరాజునకు ఆ గెలుపు మూడు రాత్రులు దక్కెను. బొబ్బిలి మనుషులు నలుగురు అడవిలో దాగిరి. ఇరువురు అర్ధరాత్రమున శిబిరములోనికి ప్రాకి, రాజు డేరా చొచ్చి పొడిచిరి. వారు తప్పినయెడల ఆ పనికి యత్నించుటకు తక్కిన యిరువురును వేచియుండిరి. శవముమీద ముప్పది రెండు గాయములు లెక్కకు వచ్చినవి. కావలివారు పరుగెత్తి రాగా, చంపినవారు పాఱిపోవ యత్నింపక, ఆ శవమును చూపి, తమకు తృప్తియైనదని చెప్పి, అచటనే తుపాకిగుండ్లకు కూలిరి. వారి పేర్లు ఫ్రెంచివారికి తెలియవు. మన కథలు వారిలో తాండ్ర పాపారాయుని చెప్పును, రాజామునుండి ఆలస్యముగా చేరుకొన్న రంగారావు బావమఱిదిగా ఆయనను వర్ణించును. ఒక మనిషిని చంపుటకు ముప్పది రెండు పోట్లు అవసరము లేదు. తక్కిన పోట్లు ఎవరిమీద పడినవో ఆలోచింపుడు: అవి ఆ కోటకు పట్టిన పొగమీద, గడచిన నూఱేండ్ల చిన్నచూపుమీద పడినవి. ఆ యిరువురి క్షోభ నాకు అర్థము కాకపోలేదు. వారి బిడ్డలు ఆ బూడిదలోనే యుండిరి. అయినను వారి చేతి కత్తియు, విజయరామరాజు బుస్సీ చెవిలో నూరిన మాటయు ఒక్క కొలిమిలో కాలినవే యని చెప్పక తప్పదు.

పగ అచ్చటితో నిలువలేదు. చనిపోయిన రాజు వారసుడగు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో చెడి, బంగాళమున నున్న ఆంగ్లేయులను పిలిపించెను. కర్నల్ ఫోర్డ్ వచ్చి 1758 డిసెంబరులో చందుర్తి కడ ఫ్రెంచివారిని ఓడించెను, మఱుసటి ఏప్రిలులో మచిలీపట్టణమును పట్టెను. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేజారినవి. కొలది యేండ్లలో కుంపణీవారి పాలాయెను. దీనికంతకును బొబ్బిలి వాగే కారణమని అనుట అతిశయోక్తి యగును. మద్రాసునను బంగాళమునను నడచిన పెద్ద యుద్ధములు వేఱే యున్నవి. కాని ఇంటి తగవులో పొరుగుదేశపు ఫిరంగిని తెచ్చిపెట్టుకొన్న సీమలో ఆ ఫిరంగియే తరువాత ఇంటి పెద్ద యగుట చూచినవారమే గదా.

వృద్ధుడు దాచిన ఆ బాలుడు చిన రంగారావు. కొంతకాలము పినతండ్రి చాటున పెరిగెను. ఆనంద గజపతిరాజు రాజీ పడి కవిటి, రాజాము ప్రాంతములను వారికి విడిచెను. తరువాత విజయనగరమువారే ఆయనను పట్టి చెఱలో నుంచగా తప్పించుకొని నిజాము సీమకు పోయెను. ఈ నడుమ విజయనగరమున దత్తతకు వచ్చిన చిన విజయరామరాజునకును, ఆయన అన్న సీతారామరాజునకును అధికారము కొఱకు ఏండ్ల తరబడి పోరు సాగెను. పేష్కషు బాకీ పడి కుంపణీతో చెడి, 1794 జులై 10వ తేదీన పద్మనాభము కడ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళముతో తలపడి, గంట తిరుగకమునుపే చిన విజయరామరాజు తన సర్దారులతో కూడ నేల కొఱిగెను. అదే 1794లో కుంపణీవారు చిన రంగారావును పిలిపించి ఆయన బొబ్బిలిని ఆయనకు మరల అప్పగించిరి. తండ్రి కాల్పించిన యిండ్లలోనుండి ఒక ముసలివాడు మాట మీఱి బయటికి నడిపించుకొని వచ్చిన చేయియే, ముప్పదియేడేండ్ల తరువాత, ఆ సంస్థానమును తిరిగి అందుకొనెను.